ముప్ఫై ఎనిమిది డిగ్రీలు

సెప్టెంబర్ 2, సోమవారం

తొట్టి పగలగొట్టాలని తేలింది. తేల్చింది మా ఆయన దనార్. నేను ఊఁ అన్నాను.

స్నానాలగది మూలన నీలం టైల్స్ తొట్టి, ఈ ఇల్లు కట్టించిననాటి నుంచీ ఉంది. అంచున ఎర్ర ప్లాస్టిక్ ముంత. జావా కొండల మీది మా సలతిగాలో పొద్దుట చలి. కెటిల్‌లో నీళ్లు కాచి బకెట్‌లో పోసుకోవడం, తొట్టిలోంచి చన్నీళ్లు కలుపుకోవడం, ముంతతో పోసుకోవడం. ఇరవై ఏళ్లుగా ఇంతే. ఈ వీధిలో అందరిదీ ఇంతే.

పోయిన నెల పన్నెండున వేడినీళ్లు పోశాను. చన్నీళ్లు కలిపానా? కలిపాననే అనుకున్నాను. చెయ్యి ముంచి చూశాను. చేతికి ఏమీ తెలియలేదు. పాదాల మీద పోసుకున్నాను. పాదాలకూ తెలియలేదు. బయటికి వచ్చాక దనార్ చూసి, అదేమిటి ఆ ఎరుపు, అని అరిచాడు. అప్పుడు కిందికి చూశాను.

జనవరిలో ఎడమ రొమ్ము తీసేశారు. జూన్ దాకా ఆరు విడతలు కీమో. ఆ మందు పోతూ పోతూ వేళ్ల కొసల్నీ అరికాళ్లనీ పట్టుకుపోయింది. డాక్టర్ గారు ఆరు నెలల్లో స్పర్శ తిరిగి వస్తుందన్నారు, లేదా ఏడాదిలో అన్నారు, కొందరికి రాదు కూడా అన్నారు. ఒక్క ప్రశ్నకు మూడు జవాబులు. నా బాటనీ క్లాసులో ఎవరైనా అలా రాస్తే మార్కులు కోసేదాన్ని.

పాదాలు కాలిన మర్నాడు దనార్ స్నానాలగది గడియ విప్పేశాడు. తుప్పు పట్టిందన్నాడు. తుప్పేమీ లేదు. అప్పటి నుంచి నేను స్నానం చేస్తున్నంతసేపూ తలుపు బయట కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. వెచ్చగా ఉన్నాయా, అని అడుగుతాడు. ఊఁ అంటాను.

సోలో ఊరి నుంచి దనార్ వాళ్లక్క ఎండాంగ్ ఫోన్ చేసింది. అక్టోబర్ ఒకటికి వచ్చేస్తున్నా, నీకు నేనే నీళ్లు పోస్తా, నలుగురు పిల్లలకు పోసిన చెయ్యి ఇది, నీకు పొయ్యలేనా, ఆడదానికి ఆడదాని దగ్గర సిగ్గేమిటే, అంది.

ఆసుపత్రి వాళ్లు తప్ప జనవరి నుంచి నన్నెవరూ చూడలేదు. దనార్ కూడా. అతను అడగలేదు. నేను చూపించలేదు. నిద్రలో తన చెయ్యి నా కుట్లకు తగులుతుందేమోనని ముందుగదిలో పడుకోవడం మొదలుపెట్టాడు. ఎడమ వైపు కుట్లు ఎప్పుడో మానిపోయాయి. అతనింకా ముందుగదిలోనే ఉన్నాడు.

నాకు కావలసింది ఒక్కటే. అక్టోబర్ ఒకటిలోపు గడియ వేసుకుని ఒక్కదాన్నే స్నానం చెయ్యగలగాలి.

సెప్టెంబర్ 3, మంగళవారం

మేలాన్ అక్క కొట్టుకు వెళ్లాం. కుళాయిలు, పింగాణీ, పైపులు. నన్ను చూడగానే, అబ్బ బు వెనింగ్, అమ్మగారూ, ఎంత సన్నబడ్డారు, ఏం డైటింగో నాకూ చెప్పండి, అంది. దనార్ దగ్గాడు. ఆమెకు అర్థమైపోయింది. ఊపిరి తీసుకోకుండా కుళాయిల మీదికి దూకింది.

గోడకు మూడు రకాలు బిగించి ఉన్నాయి. వేడికొకటీ చల్లకొకటీ రెండు పిడులున్నది. ఒకే కడ్డీని పైకెత్తి పక్కకు తిప్పేది. మూడోది థర్మోస్టాట్. దాని చివర తిప్పే గుండ్రటి పిడి మీద అంకెలున్నాయి. ముప్ఫై ఎనిమిది దగ్గర ఎర్ర బొత్తాం. అది నొక్కితే తప్ప పైకి పోదు. వేడినీళ్లు ఎంత వేడిగా వచ్చినా లోపల అదే చల్లనీళ్లు కలుపుకుంటుందట.

మొగుడికన్నా ఇది నయం బు, ముప్ఫై ఎనిమిదంటే ముప్ఫై ఎనిమిదే, మా ఆయన్ని ఎనిమిదింటికి రమ్మంటే పదింటికి వస్తాడు, అంది మేలాన్ అక్క. దనార్ నవ్వాడు. అతను ఎప్పుడూ చెప్పిన టైముకే వస్తాడు.

మెరుస్తూ గుండ్రంగా ఉన్నదాన్ని తిప్పి చూశాను. వేళ్లు దాని మీద ఉన్నాయో జారాయో తెలియలేదు. కళ్లతో చూస్తే జారుతున్నాయి. సబ్బు చేత్తో అయితే అసలే కుదరదు. రెక్కలాంటి పిడి ఉన్నది లేదా, అని అడిగాను. ఉంది, కానీ అది ముసలివాళ్లు కొంటారు, అంది. మళ్లీ నాలుక కరుచుకుంది. పాపం, ఇవాళ ఆమె నాలుకకు తీరిక లేదు.

దనార్‌కు గోడలోపల దాగేది నచ్చింది. బయటికి పిడి ఒక్కటే కనిపిస్తుంది, నీటుగా ఉంటుంది. వద్దు పాక్, అయ్యగారూ, అంది మేలాన్ అక్క, పాడైందంటే గోడంతా కొట్టాలి, అప్పుడు నన్ను తిట్టుకుంటారు, పైకి ఉన్నదయితే రెండు నట్లు విప్పితే సరి. దనార్ నా వైపు చూశాడు. పైకి ఉన్నదే, అన్నాను.

రెక్క పిడి, పైకి బిగించేది, థర్మోస్టాట్. చేత్తో పట్టుకునే షవర్. పైన ట్యాంకు నీళ్లకు ప్రెషర్ చాలదని చిన్న పంపు. వంటింటి వెనక గోడకు గ్యాస్ హీటర్. ఇన్ని వస్తువులు, ఒక్క మనిషి చేతికి బదులు.

సెప్టెంబర్ 4, బుధవారం

అంకెను నమ్మవచ్చా? ల్యాబ్‌లో పిల్లలకు ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను, కొలిచేదాన్ని కూడా కొలవాలి అని. కానీ చేతిని నమ్మినప్పుడు ఏమైందో చూశాను కదా.

సెప్టెంబర్ 5, గురువారం

ఇవాళ క్లివోన్ గురువారం, మా జావా పంచాంగంలో పెద్దవాళ్లు జంకే రోజు. గోడ ముట్టుకోనన్నారు తుకిరాన్ మేస్త్రి. రేపటి నుంచి.

సెప్టెంబర్ 6, శుక్రవారం, పది గంటలకు

తొట్టి పోయింది. తుకిరాన్ మేస్త్రి ముందు అరచేత్తో దాని అంచును రెండుసార్లు తట్టి, క్షమించు, అన్నారు. తర్వాత సుత్తి ఎత్తారు. డెబ్భైకి దగ్గర పడుతున్న మనిషి. ఈ తొట్టి కట్టింది నేనే బు, గుర్తుందా, అన్నారు. గుర్తు లేదు. ఎందుకు లేదండీ, అన్నాను.

బాధ కలుగుతుందేమోనని ఎదురుచూశాను. దుమ్ము వచ్చింది. కిటికీ తెరిచాను.

సెప్టెంబర్ 10, మంగళవారం

థర్మోస్టాట్ వాల్వ్‌తో వచ్చిన పుస్తకం మేస్త్రి గారికి చదివి వినిపించాను. ఇంగ్లీషులో ఉంది, నేను మన భాషలో చెప్పాను. వేడినీళ్ల పైపు ఎడమకు, చన్నీళ్లది కుడికి. చిత్తం, అన్నారు. హీటర్ అరవై డిగ్రీలకు పెట్టాలి. చిత్తం. వేడి ఎడమకు, అని ఇంకోసారి అన్నాను. చిత్తం బు, అన్నారు, కాని ఈసారి కళ్లు దించుకుని.

ఆ చిత్తం నాకు తెలుసు. మా జావాలో చిత్తానికి చాలా అర్థాలున్నాయి. విన్నాను అని ఒకటి. మీరు పెద్దవారు, మీ మాట కాదనను అని ఒకటి. చేస్తాను అనేది వాటన్నిటిలోకీ అరుదు. మూడోసారి చెప్పాలనుకున్నాను. అంత వయసు మనిషికి ఒకే మాట మూడుసార్లు చెబితే ఆయన పనిని శంకించినట్టే. నోరు మూసుకుని టీ తేవడానికి వెళ్లాను. టీతో పాటు వేయించిన కర్రపెండలం ఇచ్చాను. బాగుందన్నారు. అదీ ఏ అర్థంలోనో.

సెప్టెంబర్ 13, శుక్రవారం

వారం నుంచి తడిగుడ్డతో తుడుచుకోవడమే. సౌకర్యంగానే ఉంది. చూడకుండా తుడుచుకోవచ్చు.

సెప్టెంబర్ 17, మంగళవారం

పని అయింది. తెల్ల టైల్స్. వాల్వ్ గోడకు అడ్డంగా, తెలియని భాషలో ఒక వాక్యంలా. గ్యాస్ సిలిండర్ రేపు వస్తుంది కాబట్టి మేస్త్రి గారు చన్నీళ్లు మాత్రం వదిలి చూసి, ధారగా వస్తోంది, మహారాణి స్నానమే బు, అని చేతులు తుడుచుకుని వెళ్లారు.

దనార్ ఒక షరతు పెట్టాడు. ముందు తాను చెయ్యి పెట్టి చూడాలి, ఆ తర్వాతే గడియ బిగిస్తాడు. రేపు ఆఫీసు పని మీద సెమరాంగ్ వెళుతున్నాడు. నేనొచ్చేదాకా ఆగు, అన్నాడు. ఊఁ అన్నాను.

సెప్టెంబర్ 18, బుధవారం, మూడు గంటలకు

ఆగలేదు.

సిలిండర్ తెచ్చినవాడు బిగించి వెళ్లాడు. ఇంట్లో ఎవరూ లేరు. అయినా తలుపుకు స్టూలు అడ్డం పెట్టాను. అంకె ముప్ఫై ఎనిమిది దగ్గర ఉంచి తిప్పాను. ఐదు నిమిషాలు చూశాను. ఒక చుక్క మోకాలి మీద పడింది, చల్లగా ఉంది. మోకాలికి తెలుస్తుంది. ఎర్ర బొత్తాం నొక్కి నలభైకి తిప్పాను. చల్లగానే. తిరగేసి పెట్టారేమోనని ముప్ఫైకి తిప్పాను. కాసేపటికి ఆవిరి వచ్చింది. అమ్మయ్య అనుకుని మళ్లీ ముప్ఫై ఎనిమిదికి తెచ్చాను. ఆవిరి అలాగే ఉంది. అంకె ముప్ఫై ఎనిమిది.

షవర్ ఎడమ వైపు పట్టుకున్నాను. అక్కడే మొదలుపెట్టాను ఎందుకో. తొందరగా అయిపోతుందనేమో. అక్కడ కోసినప్పుడు నరాలు పోయాయి, తోలు ఉందంతే. నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది. పదో పన్నెండో లెక్కపెట్టి ఉంటాను. ధార పొట్ట మీదికి జారగానే నా గొంతులోంచి వచ్చిన అరుపు నేను ఎన్నడూ విననిది.

కుళాయి కట్టేశాను. చన్నీళ్లు బకెట్‌తో పోసుకుంటూ కూర్చున్నాను. ఎంతసేపు పోసుకోవాలో పుస్తకంలో లేదు.

అదే రోజు, ఏడు గంటలకు

దనార్ వచ్చాడు. సెమరాంగ్ నుంచి లుంపియా రోల్స్ తెచ్చాడు. హీటర్ పని చేస్తోందా, అని అడిగాడు. ఏదో పైపు సరిచెయ్యాలట, మేస్త్రి వస్తానన్నారు, అప్పటిదాకా ముట్టుకోవద్దన్నారు, అన్నాను. ఎంత తేలిగ్గా అబద్ధమాడానో. రెండు లుంపియాలు తిన్నాను కూడా.

చెబితే ఎండాంగ్ రేపే బస్సెక్కుతుంది.

సెప్టెంబర్ 19, గురువారం

బ్లౌజు అంటుకుపోయింది.

సెప్టెంబర్ 20, శుక్రవారం

యూనివర్సిటీకని చెప్పి ఊరి ఆ చివర, నన్నెరగని క్లినిక్‌కు వెళ్లాను. సూప్ ఒలికింది, అన్నాను. ఆ నర్సు చిన్నపిల్ల. పాత మచ్చనూ కొత్త బొబ్బలనూ చూసి, ఏం సూప్ అమ్మా, అంది. సోతో, అన్నాను. సోతో అంత పైకి ఎలా ఒలికిందని అడగలేదు. మెల్లగా మందు రాసింది. నొప్పి పెడితే చెప్పండి, అంది. చెప్పడానికి ఏమీ లేదు.

సెప్టెంబర్ 22, ఆదివారం

దనార్ బజారుకు వెళ్లాడు. హీటర్ వెలిగించి, రెండు పైపుల్లో ఏది వేడిదో చూడాలనుకున్నాను. చేతులు పనికిరావు. గోడ దగ్గరికి వంగి పైపుకు చెంప ఆనించాను. ఎడమది చల్లగా ఉంది. కుడిది ఆనించక ముందే తెలిసింది.

వేడి కుడికి బిగించారు.

పుస్తకం మళ్లీ చదివాను. వాల్వ్ లోపల ఒక చిన్న ముక్క ఉంటుంది. వేడి తగిలితే అది ఉబ్బి, వేడి వచ్చే దారిని మూస్తుంది. పైపులు తారుమారైతే దానికేం తెలుసు? మొదట వేడికని చల్లనీళ్ల దారినే తెరిచింది, వేడి తగిలాక ఉబ్బి ఉబ్బి ఆ చల్లనీళ్ల దారినే మూసేసింది. నీళ్లు ఎంత కాలితే అంత గట్టిగా మూసింది. తన పని తాను నమ్మకంగా చేసింది.

వాల్వ్ తప్పు కాదు. మేస్త్రి గారిదా? నాదా? ఆ చిత్తాన్ని గుర్తుపట్టి కూడా టీ తేవడానికి వెళ్లింది నేను.

సెప్టెంబర్ 24, మంగళవారం

దనార్ ఆఫీసులో ఉండగా తుకిరాన్ మేస్త్రిని పిలిచాను. తప్పు మీది అని ఎలా అనడం? ఈ పుస్తకం రాసినవాళ్ల దేశంలో పద్ధతులు వేరేమో మేస్త్రి గారూ, వాళ్లకు ఎడమ మీద మోజులా ఉంది, అన్నాను. ఆయన పైపుల వంక చూశారు. నా వంక చూశారు. జాకెట్టు మెడ దగ్గర గాజుగుడ్డ అంచు కనిపించి ఉంటుంది.

పనిముట్ల సంచి కింద పెట్టి అన్నారు. వేడినీళ్లంటే ఖరీదైనవి బు, గ్యాస్ కాల్చి తెప్పించుకునేవి. జబ్బు పడి లేచిన మనిషి, పైగా పాఠాలు చెప్పే తల్లి. అలాంటి నీళ్లు మీకు ఎడమచేత్తో ఎలా అందించను? ఆ ఎడమ మాట పొరపాటున రాసుంటారు, పెద్ద ఇళ్లవాళ్లు ఎవరూ అలా పెట్టరు, అనుకున్నా. మీకు ఎదురు చెప్పడమెందుకని చిత్తం అన్నా.

ఏమైనా అయిందా బు, అని అడిగారు.

ఏమీ కాలేదు, అన్నాను.

చిత్తం, అన్నారు.

సాయంత్రం దాకా ఒక్కరే కూర్చుని రెండు పైపులూ విప్పి మార్చారు. టీ ముట్టలేదు. కూలి ఇస్తే తీసుకోలేదు. వెళ్లేటప్పుడు నాకు వీపు చూపించకుండా గుమ్మం దాకా వెనక్కి నడిచారు. అది చూడలేక గోడ వైపు తిరిగాను.

సెప్టెంబర్ 25, బుధవారం

పొద్దున్నే గుమ్మం ముందు బొప్పాయిలు రెండు, తేనె సీసా ఒకటి. కాలిన చోట తేనె రాస్తారు మా వైపు. మేస్త్రి గారు గుమ్మం ఎక్కలేదు.

దనార్ బొప్పాయి కోస్తూ, మేస్త్రికి మనమీద ఇంత ప్రేమేమిటి, అన్నాడు. తొట్టి కట్టింది ఆయనేగా, అన్నాను.

సెప్టెంబర్ 27, శుక్రవారం

ల్యాబ్ నుంచి థర్మామీటర్ తెచ్చాను. దనార్ చొక్కా చేతులు మడిచి, అంకె ముప్ఫై ఎనిమిదికి పెట్టి, బకెట్‌లో నీళ్లు పట్టి ముంచాడు. ముప్ఫై ఎనిమిది దాటి ఒక గీత. వంటింటి కుళాయి తిప్పించి మళ్లీ చూశాడు. అంతే. పంపు ఆపి చూశాడు. అంతే. నాకన్నా మంచి విద్యార్థి.

తర్వాత స్క్రూడ్రైవర్ తెచ్చి గడియ బిగించాడు. కొత్తది, ఇత్తడిది. పాతదే ఉంది కదా, అన్నాను. తుప్పు పట్టిందన్నాగా, అన్నాడు.

ఎండాంగ్‌కు ఫోన్ చేశాడు. ఆమె నన్ను పిలవమంది. పోనీలే, నాకో పని తప్పించావు, ఆ కుళాయి నాకన్నా బాగా వీపు రుద్దుతుందా, అంది. నవ్వాను. వస్తే రా అక్కా, అన్నాను. ఆ రా అంటే వద్దని తనకు తెలుసు. తను రాదని నాకు తెలుసు.

అక్టోబర్ 1, మంగళవారం

గడియ వేసుకుని స్నానం చేశాను. ఏడు వారాల తర్వాత.

రెక్క పిడి మోచేత్తో కూడా తిరుగుతుంది. గాయం తడవకుండా ప్లాస్టిక్ కవర్ అంటించుకున్నాను. నీళ్లు భుజం మీద, వీపు మీద, తెలిసే చోట్ల తెలిశాయి. తెలియని చోట్ల చప్పుడు చేశాయి. నేను కోరుకున్నది ఇదే. ఇంకేదో ఉంటుందనుకున్నానా? ఏం ఉంటుందనుకున్నాను?

బయట కుర్చీ కిర్రుమంది. ఇంకా కూర్చుంటున్నాడు. వెచ్చగా ఉన్నాయా, అన్నాడు. ఊఁ అన్నాను.

అక్టోబర్ 2, బుధవారం

వెచ్చగా ఉన్నాయా. ఊఁ.

అక్టోబర్ 3, గురువారం

ఈ ఊఁలో ఎన్ని అర్థాలున్నాయో కూర్చుని ఆలోచించాను. ఇరవై రెండేళ్ల కాపురం. పెళ్లికి ముందు వాళ్లమ్మగారు ఈ పిల్లకు ఎదురు చెప్పడం రాదని మురిసిపోయారట. దనార్ కూడా అంతే. ముందుగదిలో పడుకోవడం నీకు హాయిగా ఉందా, అని నేనూ ఒకసారి అడిగాను. ఊఁ అన్నాడు. మేమిద్దరం ఒకరినొకరు ఇంత మర్యాదగా కాల్చుకుంటున్నాం. ఇది కొట్టేద్దామనుకున్నాను, మరీ ఎక్కువ చేసి రాసినట్టుంది. ఉండనీ.

అక్టోబర్ 4, శుక్రవారం, ఆరున్నరకు

వెచ్చగా ఉన్నాయా, అన్నాడు.

తెలియదు, అన్నాను.

కుర్చీ కదల్లేదు. నేనే వెళ్లి గడియ తీశాను. తువ్వాలు తీసుకోలేదు. కవర్ కూడా అంటించుకోలేదు ఇవాళ. అతను లోపలికి వచ్చాడు. మచ్చ చూశాడు, కాలిన చోటు చూశాడు, మొహం తిప్పుకోలేదు. చొక్కాతోనే షవర్ కింద చెయ్యి పెట్టాడు, చాలాసేపు.

నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయట.